మొన కొస ముందు ఉండదు: యాక్టిన్ పోగుకు తెలుగు మాటలు కావాలి

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక ల్యాబులో యాక్టిన్ మీద పనిచేస్తాను. కణానికి ఆకారం, కదలిక ఇచ్చే ప్రోటీను ఇది, విడి అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి ఫిలమెంటు అవుతాయి. ఊళ్లో ఇంటర్ చదివే మా మేనకోడలికి తెలుగులో నోట్సు రాసిస్తున్నాను. ఫిలమెంటుకు ‘తంతువు’ అని రాస్తే “అంటే ఏంటత్తా?” అంది. ‘పోగు’ అన్నాను, వెంటనే పట్టేసింది. రెండు పేటలు పురి వేసుకున్న పోగు, మందం 7 నానోమీటర్లు. పేట, పురి లాంటి మాటలు మనకు ఉండగా సంస్కృతం దాకా పోనక్కర్లేదని నా నమ్మకం.

చిక్కల్లా కొసల దగ్గరే. పోగుకు మయోసిన్ (యాక్టిన్‌ను పట్టుకుని లాగే ప్రోటీను) తలలు అంటించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే బాణపు ములుకులు వరసగా, అన్నీ ఒకే వైపు తిరిగి కనిపిస్తాయి. మొనలు చూపే వైపు పాయింటెడ్ ఎండ్, వెనక ముళ్ల వైపు బార్బ్‌డ్ ఎండ్. నేను మొదటిదానికి ‘మొన కొస’ అని రాసి పిల్లను తప్పుదారి పట్టించాను. మనకు మొన అంటే ముందుండేది, మొనగాడు అక్కడినుంచే వచ్చాడు. పాకే కణంలో పొరను నెట్టుకుంటూ జోరుగా పెరిగేదేమో ముళ్ల కొస! మొన కొస వెనక ఉంటుంది.

గాంధీబజారులో పూలామె మల్లెలు కడుతుంటే నిలబడి చూశాను. ఒక చివర కొత్త పూలు ముడిలోకి ఎక్కుతున్నాయి, ఇంకో చివర మూర కొలిచి తెంపి ఇస్తోంది. బుట్టలో మాల పొడవు అంతే ఉంది, పూలే మారుతున్నాయి. యాక్టిన్ పోగు ఒక కొసన పెరుగుతూ, ఇంకో కొసన తరుగుతూ అదే పొడవులో ఉండడాన్ని ట్రెడ్‌మిల్లింగ్ అంటారు, అచ్చం ఇదే. కాకపోతే ఊడిన యాక్టిన్ ఏడీపీ (వాడేసిన ఏటీపీ) వదిలి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) అందుకుని, మళ్లీ ముందు కొసకు చేరుతుంది.

‘పెరిగే కొస, తరిగే కొస’ అంటే సరిపోతుందా?

బయోకెమిస్ట్రీ చెప్పే మాస్టారు: వినడానికి బాగుందమ్మా. కానీ విడి యాక్టిన్ దండిగా ఉంటే రెండు కొసలూ పెరుగుతాయి కదా. ముళ్ల కొసకు విడి యాక్టిన్ గాఢత దాదాపు 0.1 మైక్రోమోలార్ (గాఢతకు కొలత) దాటితే చాలు, రెండోదానికి 0.6 దాకా కావాలి. మీ పూలమాల ఆ రెండింటి నడుమనే.

ఒక చెల్లెలు: అయితే ‘వడి కొస’ అందామా అక్కా?

నేను: వడి అంటే పురి కూడా కదమ్మా, తాడుకు వడిపెట్టడం అంటాం. పురి పోగు పొడవునా ఉంది, ఒక్క కొసలో కాదు. మాస్టారూ, మీ మాట నిజం. ‘జోరు కొస, నెమ్మది కొస’ అని దిద్ది పంపాను. జోరు కొసను ఆపే క్యాపింగ్ ప్రోటీనుకు ‘మూత’ అని రాద్దామనుకున్నాను. మూత పెడితే కొత్తవి ఎక్కవు, సరే. ఉన్నవి ఊడకుండానూ అదే ఆపుతుంది. అందుకే ‘ముడి’ అని మార్చాను.