పోలియెగోస్ దీవికి పాపతో వెళ్లొచ్చా?

ప్రశ్న:
ఆగస్టు మొదటి వారంలో నేను, మా ఆవిడ, పదేళ్ల పాప గ్రీస్‌లోని మిలోస్‌లో ఉంటాం. దగ్గర్లోని పోలియెగోస్ దీవిలో మనుషులెవరూ ఉండరట, బీచ్‌లు అద్భుతమట. మిలోస్ నుంచి పెద్ద బోట్ టూర్‌లో వెళ్లాలా, పక్కనున్న కిమోలోస్ దీవికి చేరి అక్కణ్ణుంచి చిన్న పడవలో వెళ్లాలా? పాపతో అంటే కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తప్పకుండా వెళ్లండి. నా ఓటు కిమోలోస్‌కే. మిలోస్‌లోని పొలోనియా నుంచి ఫెర్రీ అరగంటలో ప్సాథి రేవుకి చేరుస్తుంది. పోలియెగోస్‌కి పడవలు అక్కడ దొరుకుతాయి. మిలోస్‌లోని అదామాస్ రేవు నుంచి బయల్దేరే టూర్లు చాలా చోట్ల ఆగుతూ వెళ్తాయి, ఒక్కో బీచ్‌లో ఎక్కువసేపు ఉండనివ్వవు. మీకు కావాల్సింది ఒకే తీరంలో తీరిగ్గా కూర్చోవడం కదా.

అక్కడ కొట్టు లేదు, మంచినీళ్లు లేవు, టాయిలెట్ లేదు, నీడ చాలా తక్కువ. నీళ్లు మీరు అనుకున్నదానికి రెట్టింపు పట్టుకెళ్లండి, గొడుగు మరిచిపోవద్దు. తెల్లటి అగ్నిపర్వత శిలల మీద ఎండ పడి కళ్లు జిగేల్‌మంటాయి, పాపకి చలవ కళ్లద్దాలు ఉండాలి. కానీ ఆ రాళ్ల పక్కన నీటి రంగు చూశాక ఈ మోతంతా గుర్తుండదు. పైన కొండల్లో మేకలు తప్ప ఇంకెవరూ కనిపించరు!

జవాబు 2:
ముందు గాలి సంగతి చూసుకోండి. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే బలమైన గాలి వీస్తుంది. దక్షిణపు బీచ్‌లో నీళ్లు ప్రశాంతంగా ఉన్నా దారిలో అలలు పెద్దవిగా ఉండొచ్చు. గాలి మరీ ఎక్కువైతే పడవలు అసలు కదలవు. అందుకే దీన్ని చివరి రోజుకి పెట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. రెండో రోజుకి పెట్టుకుంటాం. అక్కడి గుహల్లో సీల్స్ ఉంటాయంటున్నారు, పాప ఒకటే గోల. చూడొచ్చా?

జవాబు 1:
అవి మెడిటరేనియన్ మాంక్ సీల్స్ అండి, ప్రపంచంలోనే అరుదైన సీల్ జాతుల్లో ఒకటి. ఆ గుహల్లోనే విశ్రాంతి తీసుకుంటాయి, పిల్లల్ని కంటాయి. దయచేసి ఈదుకుంటూ లోపలికి వెళ్లకండి, పడవాయన తీసుకెళ్తానన్నా వద్దనండి. బెదిరిన తల్లి పిల్లని వదిలేసి పోవచ్చు. దూరంగా నీళ్లలో తల కనిపిస్తే అక్కడి నుంచే చూడండి. పాపకి ముందే చెబితే అర్థం చేసుకుంటుంది, ఆ వయసు పిల్లలు ఈ విషయంలో మనకంటే నయం.

ఇంకోటి. పొదల వైపు నడిస్తే బూట్లు వేయండి. మిలోస్, కిమోలోస్, పోలియెగోస్, సిఫ్నోస్ దీవుల్లో మాత్రమే ఉండే ఒక విషసర్పం ఉంది. వేసవిలో అది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, ఇసుకలో ఆడుకునే పాపకి భయం అక్కర్లేదు. రాళ్ల సందుల్లో మాత్రం చేతులు పెట్టనివ్వకండి.