కొత్త మాడ్యూల్‌కు ఆమోదం: కోడ్ చదివితే చాలా, నడిపి చూడాలా?

అలలదరి

మా బృందంలో నెల రోజులుగా తేలని వాదన ఇది. సహకార సంఘాలకు రసీదులు ముద్రించే సాఫ్ట్‌వేర్ మాది. అందులోకి వచ్చిన ఒక కొత్త మాడ్యూల్‌ను, అంటే కోడ్ భాగాన్ని, రెండు రోజులు కూర్చుని ప్రతి లైనూ చదివి నేనే ఆమోదించాను. టెస్టులన్నీ గట్టెక్కాయి. విడుదలైన మూడో రోజున ఒక రసీదు ఫోటో వచ్చింది. పేరు దగ్గర ‘లక్ష్మ’ అని ఉంది, పక్కనే ఒక ఖాళీ గడి.

వెతికితే కారణం చాలా చిన్నది. పేరుకు 20 బైట్లే కేటాయించారు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: మొత్తం ఏడు, అంటే 21 బైట్లు. చివరి గుడి తెగిపోయింది. అదే పేరు ఇంగ్లీషులో ఏడు బైట్లే, మా టెస్టుల్లో ఉన్నవన్నీ ఇంగ్లీషు పేర్లే. ఆ 20 అనే అంకె మీదుగా నా కళ్లు వెళ్లాయి, తప్పనిపించలేదు. ఒక్క తెలుగు పేరుతో రసీదు తీసి ఉంటే అయిదు నిమిషాల్లో బయటపడేది.

అందుకే అంటున్నాను: మాడ్యూల్‌ను స్వయంగా నడిపి చూడనివారికి ఆమోదించే అధికారం ఉండకూడదు.

పాతకాపు

అలలదరి గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ తీర్మానం ఒప్పుకోను. మీరు ‘కృష్ణ’ అని కొట్టి ఉంటే? అయిదు సంకేతాలు, 15 బైట్లు. చక్కగా ఇమిడేది. నడిపి చూశానన్న ధీమాతో ఇంకా తొందరగా ఆమోదించేవారు.

ఎంత నడిపినా బయటపడని తప్పులు కూడా ఉంటాయి. 2006లో డెబియన్ అనే లినక్స్ వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని రహస్యంగా తాళం వేసి పంపే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీలో జరిగింది గుర్తు చేసుకోండి. ప్రోగ్రామును నడిపించి పరీక్షించే వాల్‌గ్రిండ్ అనే పరికరం ఒక హెచ్చరిక ఇచ్చింది. దాన్ని పోగొట్టడానికి కోడ్‌లో కొంత తీసేశారు. తాళంచెవుల తయారీకి వాడే యాదృచ్ఛిక సంఖ్యలకు మూలాధారం అక్కడే ఉంది. దాంతో ఒక్కో రకం తాళంచెవికి, ఒక్కో పరిమాణంలో 32,768 రూపాలే మిగిలాయి. 2008 మే వరకు ఆ సంగతి లోకానికి తెలియలేదు. ఎన్నిసార్లు నడిపినా తాళం పడేది, తెరుచుకునేది. ఆ తీసేసిన భాగం ఏం చేస్తుందో నిదానంగా చదివితేనే ఆ తప్పు దొరుకుతుంది. సమీక్షకుడికి ఉన్న కాస్త సమయాన్నీ నడపడానికి ఖర్చు పెట్టిస్తే ఇక చదివేదెవరు?

అలలదరి

కృష్ణ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వచ్చిన హార్ట్‌బ్లీడ్ అనే లోపాన్ని చదివే కదా ఆమోదించారు! అవతలివాడు చెప్పిన పొడవును సరిచూడకుండా అంత జ్ఞాపకభాగాన్ని తిప్పి పంపే కోడ్ అది. ఒక్కసారికి 64 కిలోబైట్ల వరకు బయటికి పోయేది. 2012 మార్చిలో విడుదలై, 2014 ఏప్రిల్‌లో బయటపడింది. అబద్ధపు పొడవుతో ఒక్క అభ్యర్థన పంపి ఉంటే తెలిసిపోయేది.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి మరీ ముఖ్యం. 2024లో దానిలో దూర్చిన దొంగదారిని తెరిచే లైన్లు అందరూ చదివే కోడ్ భాండారంలో లేవు, విడుదల చేసిన ప్యాకేజీలోనే ఉన్నాయి. భాండారాన్ని చదివినవారికి ఏం కనిపిస్తుంది? దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించి తవ్వబట్టే దొరికింది. విడుదలయ్యేదాన్నే నడపాలని నేను పట్టుబట్టేది అందుకే.

కొత్తచిగురు

ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది, పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరానికి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరితే చాలు. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అలాంటి అక్షరాన్ని టెస్టులో పెట్టాలని తెలుగు రాసేవారికి తప్ప ఎవరికి తోస్తుంది? మా దగ్గర ఆమోదించే ముగ్గురిలో ఎవరూ తెలుగు టైపు చేయరు. వారు చదివినా, నడిపినా ఫలితం ఒకటే కదా?

పాతకాపు

మన్నింపు ఎందుకు తమ్ముడూ, అసలు సంగతి నువ్వే పట్టుకున్నావు. అలలదరి గారూ, ఒక్క ప్రశ్న. మాడ్యూల్ ప్రతి లైనూ చదివానన్నారు. టెస్టుల్లో పెట్టిన పేర్లు కూడా చదివారా?

అలలదరి

లేదండీ. టెస్టులు గట్టెక్కాయనే పచ్చగుర్తులు చూసి పక్కన పెట్టాను. ఇప్పుడు టెస్టుల దత్తాంశం చదివాకే కోడ్ తెరుస్తున్నాను. అయినా నడపకుండా సంతకం మాత్రం పెట్టను. సంఘంలో వాడే అదే ప్రింటరు మీద, 27 బైట్ల ‘జ్యోత్స్న’ పేరుతో రసీదు తీసి, చేత్తో పట్టుకుని చూస్తున్నాను.

పరీక్షకు పేర్ల జాబితా ఒకటి కూడబెడుతున్నాను. ఇంటిపేరుతో కలిపి పొడవుగా ఉండేవి, వత్తు కింద వత్తు వచ్చేవి మీకు తోస్తే ఇక్కడ రాయండి.