కవలలకి ఒకే పరీక్ష చేస్తే పాపకి తక్కువ, బాబుకి ఎక్కువ వచ్చింది, ఎందుకు?

కొర్లగుంట అమ్మ:
మా కవలలకి 13 నిండాయి, ఒక పాప, ఒక బాబు. ఏడాదిలో ఇద్దరూ బాగా లావయ్యారని డాక్టరు 24 గంటల యూరిన్ పరీక్ష రాశారు. పొద్దున మొదటిసారి పోసింది వదిలేసి, అప్పట్నుంచి మర్నాడు పొద్దున దాకా పట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె తీసేసి ఆ చోట రెండు క్యాన్లూ పెట్టాను. ఇద్దరికీ నార్మలే అన్నారు గానీ, కార్టిసాల్ (టెన్షన్ పడితే పెరిగే హార్మోన్) విరిగితే వచ్చే పదార్థాలు బాబుకి ఎక్కువ, పాపకి తక్కువ. పరీక్షలంటే కడుపునొప్పని ముడుచుకుని పడుకునేది పాపే! రిపోర్టు చూసి మా అత్త "దానికి టెన్షనూ లేదు ఏమీ లేదు, బడి ఎగ్గొట్టడానికే" అంటోంది. నాకు మనసొప్పడం లేదు.

బయోకెమ్ పీజీ, తిరుపతి:
అక్కా, అది టెన్షన్ కొలిచే కాగితం కాదు. కార్టిసాల్‌ని ఎక్కువగా లివరే మార్చేస్తుంది, యూరిన్‌లో కనబడేది చాలావరకు అలా మారిపోయిన సరుకే, మారకుండా బయటికొచ్చేది చాలా కొంచెం. చిన్నపిల్లల్లో ఆడామగా తేడా పెద్దగా ఉండదు, ఈడొచ్చేకొద్దీ బయటపడుతుంది. పెద్దయ్యాక మగవాళ్లలో మొత్తం ఎక్కువ పోతుంది, 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దారిలో మారే వాటా కూడా వాళ్లకే ఎక్కువ. ఒళ్లు పెద్దదైతే అంకె కూడా పెద్దదే, కాబట్టి ఒంటి కొలతతో కలిపి చూడాలి. తక్కువ వచ్చిందని పాపకి బాధ లేదనడం తప్పు.

చిత్తూరు, ఇద్దరు ఆడపిల్లల తల్లి:
రక్తపరీక్షలోనూ ఇలాంటి తికమకే. నెలసరి సరిగా రాక మా పెద్దమ్మాయి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడుతుండగా కార్టిసాల్ ఎక్కువ చూపించింది, రెండు రాత్రులు నిద్రపోలేదు నేను. ఆ మాత్రలకి రక్తంలో కార్టిసాల్‌ని మోసే ప్రొటీన్ పెరుగుతుందట, దాంతో మొత్తం అంకె పెరిగింది, అంతే. ఏ టైముకి తీశారో కూడా చూసుకోవాలి, పొద్దున ఎక్కువ, అర్ధరాత్రికి బాగా తక్కువ. పాప కడుపునొప్పి మాత్రం విడిగా డాక్టరుకి చెప్పండి, నెలసరి సంగతీ అడుగుతారు.

బయోకెమ్ పీజీ, తిరుపతి:
ఇంకొకటి అక్కా, ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నారా? ఒక్కసారి పట్టకపోయినా అంకె తగ్గిపోతుంది.

కొర్లగుంట అమ్మ:
ఆదివారమే పట్టాం, సాయంత్రం మాత్రం గోవిందరాజస్వామి గుడికి వెళ్లాం. ఇప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, అక్కడ ఒకసారి ఒకటికి వెళ్లిందట, సిగ్గుపడి చెప్పలేదట. రేపు డాక్టరుకి ఇదీ చెప్తాను, కడుపునొప్పీ చెప్తాను.