పుల్కా పిండిలో జన్యుమార్పిడి గోధుమ ఉందా అంటున్నారు, ఏం చెప్పాలి?

పుల్కా సెంటర్, అక్కయ్యపాలెం:
వారం నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. గడ్డి మందు కొట్టినా చావని గోధుమ పిండిలో కలిసిపోయిందట. రోజూ ఇరవై పుల్కాలు తీసుకెళ్ళే మాస్టారు నిన్న కవరు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ముందు కనుక్కో అమ్మా" అన్నారు. గోధుమలు నేనే కొని మరలో ఆడిస్తాను. గింజ చూస్తే తెలుస్తుందా? టెస్ట్ ఉందా? భలే టెన్షన్‌గా ఉంది.

అగ్రికల్చర్ విద్యార్థి, అనకాపల్లి:
అక్కా, గింజ చూసి ఎవరూ చెప్పలేరు, రంగూ రుచీ మారవు. అయినా మన రైతులు పండించి అమ్మడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే, అదీ 2002 నుంచి. గోధుమకు ఇక్కడ అనుమతి లేదు. మీ బస్తా ట్యాగ్ మీద ఏ ఊరి సరుకో చూడండి, మధ్యప్రదేశో రాజస్థానో ఉంటుంది.

భీమిలి బాబాయ్:
నిప్పు లేకుండా పొగ రాదు కదా. అమెరికాలో ఎవరి పొలంలోనో దొరికిందని నేనూ చదివాను.

అగ్రికల్చర్ విద్యార్థి, అనకాపల్లి:
నిజమే బాబాయ్, ఆ మెసేజ్‌కి మూలం అదే అయ్యుండొచ్చు. మోన్‌శాంటో కంపెనీ గ్లైఫోసేట్ అనే గడ్డి మందుని తట్టుకునే గోధుమను 1998 నుంచి 2005 దాకా అక్కడి 16 రాష్ట్రాల్లో పొలాల్లో పరీక్షించింది. ఇలాంటి పరీక్షలో చిన్న మడుల్లో విత్తి, కొన్నిటికి మామూలు మోతాదు, కొన్నిటికి రెట్టింపు కొడతారు, కొన్నిటిని వదిలేస్తారు. ఆకు పండిందా, దిగుబడి తగ్గిందా అని మడి మడికీ రాసుకుంటారు. కోత అయ్యాక అసలు పని మొదలు. రాలిన గింజ మళ్ళీ మొలుస్తుంది కాబట్టి, ఆ చోటుని తర్వాత కూడా కనిపెట్టుకుని మొలకల్ని పీకెయ్యాలి.

జపాన్ లాంటి కొనుగోలుదారులు మాకొద్దనడంతో 2004లోనే కంపెనీ దాన్ని బజార్లోకి తెచ్చే ఆలోచన మానుకుంది. 2013లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రైతు ఒకరు ఖాళీ పొలంలో గ్లైఫోసేట్ కొడితే కొన్ని గోధుమ మొక్కలు మాత్రం చావలేదు. పరీక్షిస్తే ఆ పాత రకమే! జపాన్, కొరియా కొన్నాళ్ళు అక్కడి గోధుమ కొనడం ఆపేశాయి. అది అక్కడికెలా వచ్చిందో అధికారులు తేల్చలేకపోయారు, బజార్లోకి వెళ్ళినట్టు మాత్రం ఆధారం దొరకలేదు. పరీక్ష కన్నా పరీక్ష తర్వాతి శుభ్రతే కష్టమని నాకనిపిస్తుంది.

మిల్లు బాబు, గాజువాక:
ఇప్పుడు అర్జెంటీనాలో జన్యుమార్పిడి గోధుమ సాగు చేస్తున్నారు కదా? హెచ్‌బీ4 అని.

అగ్రికల్చర్ విద్యార్థి, అనకాపల్లి:
అవునండి. కరువుని తట్టుకోవడానికి పొద్దుతిరుగుడు జన్యువు పెట్టారు, గ్లూఫోసినేట్ అనే కలుపు మందునీ తట్టుకుంటుంది. అయితే దిగుమతి గోధుమకు జన్యుమార్పిడి కాదనే సర్టిఫికెట్ ఉండాలని మన ఆహార భద్రతా సంస్థ 2021 నుంచి అడుగుతోంది. అక్కా, ఆన్‌లైన్‌లో టెస్ట్ స్ట్రిప్పులు కొనకండి. సాధారణంగా ఒక్కో స్ట్రిప్పు ఒక్కో ప్రొటీన్‌నే పడుతుంది, అమెరికా రకానికి పనికొచ్చేది అర్జెంటీనా రకాన్ని పట్టదు. ల్యాబ్‌లో జన్యువునే వెతికే పీసీఆర్ పరీక్ష చేయించొచ్చు గానీ, పుల్కాలకి అంత ఖర్చెందుకు?

పుల్కా సెంటర్, అక్కయ్యపాలెం:
థాంక్స్ తమ్ముడూ. బస్తా ట్యాగ్ మీద మధ్యప్రదేశ్ అనే ఉంది, కత్తిరించి కౌంటర్ మీద అంటించాను. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివి పది తీసుకెళ్ళారు. మిగతా పది రేపు చూద్దాం అన్నారు. ఇంకో డౌటు. మరలో నాకు ముందు ఎవరో చోళ్ళు ఆడించినట్టున్నారు, పిండి నల్లగా దిగింది. ఏం చెయ్యాలి?

మిల్లు బాబు, గాజువాక:
మీ గోధుమలే ఒక కిలో ముందు పోయించి, ఆ పిండి వేరే సంచిలో పట్టించండి అక్కా. తర్వాత దిగేది తెల్లగా వస్తుంది. ఆ కిలో పారేయకండి, ఇంట్లో రొట్టెలకి బాగుంటుంది.