సమస్యాపూరణం: “ఇల్లు విడిచె పిల్లి యింట నుండి”

సంచాలకుడు (సత్యనారాయణపురం, విజయవాడ):

ఈ వారం సమస్య, అంటే మిగతా మూడు పాదాలు మీరు అల్లి అర్థం కుదర్చవలసిన పాదం, ఆటవెలదిలో నాలుగోది. మా వీధిలో ఒక పిల్లి మూడిళ్ళలో మూడు పేర్లతో పిలిపించుకుంటూ, మూడు గిన్నెల్లో తింటూ, రాత్రయ్యేసరికి ఏ ఇంట్లోనూ కనబడకుండా పోతుంది. దానిని పెంపుడు జంతువు అనాలో వనచరం అనాలో తేల్చుకోలేక ఈ పాదం అల్లాను.

పైపైన చూస్తే ఇందులో సమస్యే లేదనిపిస్తుంది. కానీ “ఇల్లు విడిచె” అన్న తరువాత మళ్ళీ “ఇంట నుండి” అనడం పునరుక్తి అవుతుంది. “ఇంటన్ + ఉండి” అని విడదీస్తే, ఇంట్లో ఉంటూనే ఇల్లు విడిచిందన్న విరోధం తలెత్తుతుంది. వ్యాకరణకర్త చిన్నయసూరి పంచమీ విభక్తికి చెప్పిన ప్రత్యయాలు వలన, కంటె, పట్టి అనేవే కనుక, “నుండి”ని ఇక్కడ క్త్వార్థంగా (“ఉండి” అనే అసమాపక క్రియగా) తీసుకోవడానికి వ్యాకరణం అడ్డు రాదు. పాదం అచ్చుతో మొదలవుతున్నది కాబట్టి మూడో పాదాన్ని ఉకారంతో ముగించవద్దని మాత్రం ముందే మనవి చేస్తున్నాను.

సభ్యుడు (పటమట):

తనువు గడపయందు, తలపు తోటలయందు;
పాలగిన్నె జూచు, పక్షి జూచు;
రెంటి నడుమ నిలిచి రెప్ప వాల్చక నేడు
ఇల్లు విడిచె పిల్లి యింట నుండి.

సంచాలకుడు:

రెండో పాదం చదవగానే పిల్లి కళ్ళ ముందు నిలిచింది. ఒకే క్రియను రెండుసార్లు వాడి, గిన్నెకూ పక్షికీ మధ్య తిరిగే తలను చూపించారు. అయితే మూడో పాదం చివర “నేడు” గణం నింపడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. పైగా ఉత్వసంధి (చివరి ఉకారం పోయి తరువాతి అచ్చు నిలవడం) నిత్యం కనుక అది “నేడిల్లు” కావలసిందే, అప్పుడు గణమూ పోతుంది, సమస్య మొదటి అక్షరమూ పోతుంది. మనవి చేసినది సరిగ్గా ఇదే. “రెప్ప వాల్చక వేచి” అనండి. క్త్వార్థంలోని ఇకారానికి సంధి లేదు కాబట్టి యడాగమం వచ్చి “వేచి యిల్లు” అవుతుంది, యతికీ భంగం ఉండదు, కాచుకుని కూర్చునే పిల్లి స్వభావమూ పద్యంలోకి వస్తుంది.

విశ్రాంత పశువైద్యుడు (అరండల్‌పేట, గుంటూరు):

పద్యం బాగుంది కానీ పాలగిన్నెను గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పెద్దవైన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మన కవులు మాత్రం వాటికి పాలు పోయడం మానరు. ఇక పాలా పక్షా అన్న సందిగ్ధం పిల్లికి మనం అనుకున్నంత ఉండదు. కడుపు నిండిన పిల్లి కూడా తింటున్నది వదిలి ఎలుక మీదికి ఉరుకుతుంది, ఎందుకంటే దానికి వేట ఆకలి తీర్చుకునే పని మాత్రమే కాదు. గిన్నె నింపినంత మాత్రాన తోట మీది తలపు పోదు కనుక, మొదటి పాదం కవి అనుకున్న దానికంటే నిజమైనది.

సభ్యుడు (సింగ్ నగర్, విజయవాడ):

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు మా వీధులను ముంచినప్పుడు చూసినదే రాశాను.

పొంగి పొరలి వచ్చె బుడమేరు వీధులన్,
పడవ లెక్కి జనము పరుగు వెట్ట,
మిద్దె పైన నిలిచి మిన్నంట నరవంగ
నిల్లు విడిచె పిల్లి యింట నుండి.

ఇల్లు విడిచినది జనం, ఇంట ఉన్నది పిల్లి.

సంచాలకుడు:

విరుపుతో (పాదాన్ని విడగొట్టి ముక్కలను వేరువేరు కర్తలకు అన్వయించడంతో) సమస్యను దాటడం పాత పద్ధతే అయినా, ఇక్కడ దానికి తగిన సందర్భం దొరికింది. కానీ పడవ ఎక్కినవారు పరుగు ఎలా పెడతారండీ? హాస్యానికి అనడం లేదు. “పరుగు వెట్ట” అన్నందువల్ల జనం ఆ పాదంలోనే ఆగిపోయి, “ఇల్లు విడిచె” అన్న క్రియకు కర్త లేకుండా పోయింది, అందువల్ల చదువరి మళ్ళీ పిల్లినే కర్తగా తీసుకుంటాడు. “పడవ లెక్కి జనము ప్రాణ మరసి” అంటే రెండు దోషాలూ ఒక్క దెబ్బకు తీరుతాయి. పిల్లి యింట నుండి మిన్నంట నరవంగ, జనము ప్రాణమరసి ఇల్లు విడిచె అని అన్వయం కుదురుతుంది. కొంత దూరాన్వయం (కలిసి అర్థమిచ్చే మాటలు దూరంగా పడటం) మిగులుతుంది, విరుపు పద్యాల్లో అంతమాత్రం తప్పదు. “నిల్లు” అయినా సంధిలో దాగిన అచ్చుకు యతి చెల్లుతుంది.

సభ్యుడు (సింగ్ నగర్):

సవరణ స్వీకరించాను. ఆ పిల్లిని పడవలోకి పిలిచాం, రాలేదు. నీరు తగ్గి తిరిగి వెళ్ళేసరికి బురద పట్టిన మెట్ల మీద కూర్చుని, మమ్మల్ని కొత్తవాళ్ళను చూసినట్లు చూసింది. దగ్గరికి రావడానికి వారం పట్టింది.

సభ్యుడు (తెనాలి):

కూన నోట గఱచి గోడలు దాటుచు,
నేడు గడప లెక్కి యేగి యేగి,
మనిషి చేయి సోక మచ్చిక పడలేక
యిల్లు విడిచె పిల్లి యింట నుండి.

సంచాలకుడు:

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందన్న నానుడిని చక్కగా వాడుకున్నారు. పద్యం హాయిగా నడిచింది, సమస్య మాత్రం మిగిలిపోయింది. ఇక్కడ “ఇంట నుండి” కేవలం “ఇంటి నుంచి” అనే అర్థంలోనే ఉంది కాబట్టి, నేను మొదట చెప్పిన పునరుక్తి అలాగే నిలిచింది. ఇంకొకటి, ద్రుతసంధి (“దాటుచున్” చివరి నకారం తరువాతి అచ్చుతో కలవడం) చేసి “నేడు గడపలు” అని రాస్తే, అంకె “ఏడు” పోయి “ఈ దినం” అన్న అర్థం ముందు తోస్తుంది. “దాటుచు”కు బదులు చివర నకారం లేని మాట వెదికి, ఆ నకారాన్ని తప్పించండి.

విశ్రాంత పశువైద్యుడు:

సమస్య సంగతి మీరు చూసుకోండి, మూడో పాదాన్ని నేను సమర్థిస్తాను. పిల్లికూన మనిషికి మచ్చిక కావడానికి ముఖ్యమైన కాలం సుమారుగా రెండో వారం నుంచి ఏడో వారం వరకే. ఆ రోజుల్లో మనుషుల చేతుల్లో పెరిగితే ఇంటిది అవుతుంది, తల్లి గోడల మీదుగా తిప్పుతూ ఆ కాలం దాటించేస్తే, అదే తల్లికి పుట్టిన అదే కూన మనిషిని చూసి బుసకొడుతుంది. ఆవుకూ గొర్రెకూ లేని ఈ అనిశ్చితి పిల్లికి ఎందుకున్నదంటే, దానిని మనం పట్టి తేలేదు. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకలు చేరితే, వాటి కోసం అదే వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిన విషయం 2004లో వెల్లడైంది. అంత పాత పరిచయం ఉన్నా, ప్రతి కూనతోనూ ఒప్పందం మళ్ళీ మొదటి నుంచి రాసుకోవలసి వస్తున్నది.

సభ్యురాలు (బ్రాడీపేట, గుంటూరు):

ఒడిని నిదురపోయి యురుకులు వెట్టును;
కనులు మూసి కాలు కదుపుచుండు;
కలను వేట లాడి, కంచెలు పలు దాటి
యిల్లు విడిచె పిల్లి యింట నుండి.

సంచాలకుడు:

అమ్మా, నేను ఎదురుచూసిన పూరణ ఇదే. పటమట వారి పిల్లి గడపలో నిలిచి రెండు వైపులా చూసింది, సింగ్ నగర్ వారు విడిచేవారిని మార్చారు, తెనాలి వారు పిల్లిని నిజంగానే పంపేశారు. మీరు మాత్రం దానిని ఒడిలోంచి కదలనివ్వకుండానే అడవికి చేర్చారు. విరోధం చివరి వరకు విరోధంగానే ఉండి, “కలను” అన్న ఒక్క మాటతో ఆభాసమైంది, అంటే పైకి మాత్రమే కనిపించే విరోధంగా తేలింది; అలంకారశాస్త్రంలో దీన్నే విరోధాభాస అంటారు. ఒక్క సందేహం: “వెట్టును, కదుపుచుండు” అని తద్ధర్మంలో (ఎప్పుడూ జరిగేదిగా) నడిపి, చివర “విడిచె” అని భూతకాలంలోకి దూకడం కాలభంగం కాదా?

విశ్రాంత పశువైద్యుడు:

దీనికి శాస్త్రమూ తోడున్నది. ఫ్రాన్సులోని లియాన్‌లో మిషెల్ జూవే పిల్లుల నిద్రను పరిశీలించి, శరీరం కదలిక లేక పడి ఉండగా మెదడు మెలకువలో ఉన్నట్లు పనిచేసే దశను గుర్తించాడు. నిద్రలో కండరాలను కట్టిపడేసే మెదడు భాగాన్ని తొలగించినప్పుడు, ఆ పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎర మీదికి లంఘించాయి. 1959లో ఆయన ఆ దశకు పెట్టిన పేరును తెలుగు చేస్తే “విరోధాభాస నిద్ర” అనే అనాలి. ఆలంకారికులు గర్వించవచ్చు.

సభ్యురాలు (బ్రాడీపేట):

నమస్కారం. కాలభంగం తెలిసే చేశాను. మొదటి రెండు పాదాల్లో ఉన్నది నేను రోజూ చూసేది. చివరి రెండింటిలో ఉన్నది నేను చూడలేనిది. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక్క క్షణం నన్ను గుర్తుపట్టనట్లు చూసినప్పుడు, ఎక్కడికో వెళ్ళి వచ్చిందని ఊహించుకుంటాను. అప్పటికి ఆ వెళ్ళడం జరిగిపోయి ఉంటుంది కాబట్టి “విడుచు” అనలేకపోయాను.

సంచాలకుడు:

ఒప్పుకున్నాను. అక్షరం కూడా మార్చనక్కరలేదు.