బంతి భోజనంలో బంతి ఎక్కడిది?

నమస్కారమండీ. మొన్న ఊళ్లో పెళ్లికి వెళ్తే, "మొదటి బంతి లేచింది, రెండో బంతికి రండి" అని ఎవరో కేకేశారు. మా ఎనిమిదేళ్లవాడు "బంతి ఎక్కడ నాన్నా?" అంటూ విస్తళ్ల మధ్య వెతకడం మొదలుపెట్టాడు. ఆ బంతి వేరు, పంక్తి అన్న మాటే అలా మారిందని చెప్పాను. "మరి గుమ్మానికి కట్టిన బంతిపూలో?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను.

ఆ మొక్క మెక్సికో వైపు నుంచి వచ్చింది కాబట్టి, ఆడుకునే బంతే ముందు, గుండ్రంగా ఉందని పువ్వుకు ఆ పేరు తర్వాత పెట్టి ఉంటారని నా ఊహ. కన్నడంలోనూ దాన్ని చెండు హూవు అంటారు. చెండు అంటే బంతే. మన పూలచెండూ అదే కదా!

ఇక ఓవర్‌కు ఆరు బంతులంటే ఒకే బంతిని ఆరుసార్లు వేయడమని వాడే నాకు క్లాసు పీకాడు.

నా ఊహ సరైనదేనా? మీ వైపు పెద్దవాళ్లు ఆడుకునే బంతిని చెండు అనేవారా, ఇంకేదైనా పేరుందా? బంతితో సామెతలు, వాడుకలు కూడా చెప్పండి. నాకు "బంతిలో వలపక్షం" ఒక్కటే గుర్తొస్తోంది. వాడు రోజూ అడుగుతున్నాడు, ప్లీజ్.