బస్తీ పిల్లలకు మెంటార్లుగా ఉండాలంటే కార్యక్రమం ఎలా ఉండాలి?

ప్రశ్న:
నమస్కారం. హైదరాబాద్‌లో పనిచేస్తున్న మేము పన్నెండు మంది సహోద్యోగులం, ఒక బస్తీని ఆనుకుని ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మెంటార్లుగా ఉండాలనుకుంటున్నాం. వారి తల్లిదండ్రులు ఎక్కువగా ఇళ్లలో పనిచేసేవారు, ఆటో నడిపేవారు, భవన నిర్మాణ కూలీలు. మూడు నెలలకొక బృందం చొప్పున మారుస్తూ పోతే ఎక్కువ మంది పిల్లలకు మేలు జరుగుతుందని మాలో కొందరి అభిప్రాయం. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం 1 (స్వచ్ఛంద సంస్థ కార్యకర్త):
మూడు నెలల పద్ధతిని దయచేసి విరమించుకోండి. అమెరికాలోని బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమంపై 1995లో వెలువడిన అధ్యయనం, ఎనిమిది నగరాల్లో మెంటార్ దొరికిన పిల్లలను, ఇంకా నిరీక్షణ జాబితాలో ఉన్నవారితో ఏడాదిన్నర తరువాత పోల్చి, మెంటార్ ఉన్నవారిలో బడి ఎగ్గొట్టడం దాదాపు సగానికి తగ్గిందని తేల్చింది. అయితే అదే సమాచారాన్ని పరిశోధకులు గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో మళ్లీ పరిశీలించినప్పుడు, ఏడాదికి పైగా సాగిన జోడీల్లోనే మేలు ఎక్కువగా కనిపించగా, మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లల ఆత్మవిశ్వాసం మునుపటికంటే తగ్గింది. మీ పన్నెండు మందీ తలా ఒకరి చొప్పున పన్నెండు మంది పిల్లలనే తీసుకుని, పదో తరగతి పూర్తయ్యేదాకా వారితోనే ఉండండి.

సమాధానం 2 (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):
పై సలహాతో ఏకీభవిస్తూ ఒక పని సూచిస్తాను. ఎనిమిదో తరగతి పిల్లలతో ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనం) పరీక్ష రాయించండి. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలు దాటని, ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయలు అందుతాయి. పిల్లలు పరీక్షలో కంటే కాగితాల దగ్గరే ఎక్కువగా ఆగిపోతారు: ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో వెనుక ఉంటుంది, ఆదాయ ధ్రువపత్రం కోసం తల్లి ఒక రోజు కూలి వదులుకుని మీసేవకు వెళ్లాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాక డబ్బు పడదు. ఈ పనుల్లో తోడుగా వెళ్లే చదువుకున్న మనిషి ఆ ఇంటికి ఎంతో అవసరం. పది తరువాత ప్రైవేటు కళాశాలలో చేరితే ఈ ఉపకారవేతనం ఆగిపోతుందన్న సంగతి కూడా ముందే చెప్పండి. చాలామందికి అది చేరిన తరువాతే తెలుస్తుంది.

సమాధానం 3 (బస్తీలో పెరిగి పాలిటెక్నిక్ పూర్తిచేసిన యువతి):
పదో తరగతిలో నేను సాయంత్రం ప్రత్యేక తరగతులకు ఆగేదాన్ని కాదు. నాకు శ్రద్ధ లేదని ఉపాధ్యాయులు అనుకున్నారు. మా వీధిలో నల్లా వచ్చేది ఆ వేళకే, అమ్మ పని నుంచి తిరిగి వచ్చేది రాత్రికి. నాకు మెంటార్‌గా ఉన్న అక్క ఇంటికి వచ్చి చూశాకే ఈ విషయం బయటపడింది. ఆమె పక్కింటి పెద్దమ్మతో మాట్లాడి నీళ్లు పట్టే ఏర్పాటు చేసి, బడిలోనూ చెప్పారు. ఆ తరువాతే లెక్కలు మొదలుపెట్టాం. కాబట్టి ఏ పాఠం చెప్పాలో నిర్ణయించుకునే ముందు, అమ్మానాన్నలు ఇంట్లో ఉండే వేళ కనుక్కుని ఒకసారి వెళ్లి కూర్చోండి. ఆదివారం ఉదయం అయితే మా బస్తీలో చాలామంది దొరుకుతారు.